కెంట్ లోయ: పాత పటంలో వైట్ రివర్, ఇప్పుడు గ్రీన్ రివర్. ఏం జరిగింది? లోయలో ఇంటికి ఏం చూసుకోవాలి?

మెరకపొలం అడిగారు:

వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కీ టకోమాకీ మధ్యనున్న కెంట్ గురించి నాలుగు సందేహాలు. ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నట్టున్నాయి, అందుకే ఒకేచోట అడుగుతున్నాను.

1. 1900 నాటి పటాల్లో కెంట్ పక్కన పారేది వైట్ రివర్. ఇప్పుడు అదే చోట గ్రీన్ రివర్. పేరు మార్చారా, నదే మారిందా?
2. పాత పటాల్లో రెంటన్ దగ్గర బ్లాక్ రివర్ అని ఓ నది కనిపిస్తుంది. ఇప్పుడు పంపింగ్ స్టేషన్ పేరులో తప్ప ఆ నది జాడ లేదు. ఏమైంది?
3. లోయ అడుగు బల్లపరుపు, రెండు పక్కలా గోడ లేపినట్టు గుట్టలు. ఇంత వెడల్పు లోయను ఈ కాస్త నది తవ్విందా?
4. అసలు ప్రశ్న ఇది. లోయలో ఇల్లు కొనాలంటే వరద సంగతి ఎలా తేల్చుకోవాలి? ఫెమా (అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) వరద పటంలో "ఎక్స్ జోన్" అని ఉంటే నిశ్చింతేనా? లోయకి తూర్పున ఉన్న గుట్ట, ఈస్ట్ హిల్ మీదైతే ఏ బాధా ఉండదా?

పాతపటాలు రాశారు:

మూడో ప్రశ్నతో మొదలుపెడితే మిగతావి తేలికవుతాయండి. ఈ లోయను గ్రీన్ రివర్ తవ్వలేదు, మంచు తవ్వింది. చివరి హిమయుగంలో కెనడా వైపు నుంచి దిగివచ్చిన మంచుపలక, ఇప్పటి సియాటిల్ ఉన్నచోట సుమారు 3,000 అడుగుల మందాన ఉండేది. దాని అడుగున ఒత్తిడికి ఉరికిన కరుగునీరు నేలను ఉత్తర దక్షిణాలుగా చాళ్లు దున్నినట్టు కోసేసింది. పేజెట్ సౌండ్, వాషింగ్టన్ సరస్సు, కెంట్ లోయ, మూడూ ఆ చాళ్లే. మొదటి రెండింటిలో నీళ్లు నిలిచాయి, మూడోదాన్ని ఒండ్రు పూడ్చింది. మీరు గోడల్లా ఉన్నాయన్న ఈస్ట్ హిల్, వెస్ట్ హిల్ ఆ చాళ్ల మధ్య మిగిలిన గట్లు.

మంచు తగ్గాక సముద్రం లోపలికొచ్చింది. కెంట్‌కి దక్షిణాన ఉన్న ఆబర్న్ దాకా ఉప్పునీటి పాయ ఉండేది. సుమారు 5,600 ఏళ్ల కిందట మౌంట్ రెయినియర్ అగ్నిపర్వతం శిఖరభాగం, ఈశాన్య పార్శ్వం కలిసి కూలి, బురదగా మారి దిగువకు వచ్చాయి. దీన్నే ఓసియోలా బురద ప్రవాహం అంటారు. అందులో వచ్చిన రాయీ మట్టీ 3.8 ఘన కిలోమీటర్లు. అది ఈనమ్‌క్లా పీఠభూమిని కప్పేసి, అంతవరకూ దక్షిణంగా పుయాలప్ వైపు పోతున్న వైట్ రివర్ దారిని మూసేసింది. వైట్ రివర్ ఉత్తరానికి తిరిగి ఆబర్న్ దగ్గర మన లోయలో దిగింది. ఆ తర్వాత వేల ఏళ్లపాటు అది మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు ఉప్పునీటిని నెట్టుకుంటూ డెల్టాగా ఉత్తరానికి పెరిగాయి. కెంట్ నడిబొడ్డు సముద్రమట్టానికి 40 అడుగుల చుట్టుపక్కల ఉంటే, అక్కడి నుంచి నది ఇంకా 20 మైళ్లకు పైగా మెలికలు తిరిగి గానీ సియాటిల్ దగ్గరి ఎలియట్ అఖాతం చేరదు. ఆ వాలు చూస్తేనే ఇది డెల్టా నేలని తెలిసిపోతుంది. నీరు ఇక్కడ పారడం కన్నా పరుచుకోవడానికే చూస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. పేరూ మారింది, నదీ మారింది. వైట్ రివర్ రెయినియర్ మంచునదుల్లో పుడుతుంది. రాతిపిండి కలిసి పాలు విరిగినట్టు తెల్లగా ఉంటుంది, పేరు అందుకే. గ్రీన్ రివర్ స్టాంపీడ్ పాస్ దగ్గరి కాస్కేడ్ కొండల్లో పుడుతుంది, దానికి మంచునది లేదు. రెండూ ఆబర్న్ దగ్గర కలిసేవి. కలిశాక పెద్ద నది పేరే నిలిచింది కాబట్టి కెంట్ పక్కన పారేది వైట్ రివర్, చుట్టూ ఉన్నది వైట్ రివర్ లోయ.

అయితే ఆబర్న్ దగ్గర వైట్ రివర్‌కి దక్షిణంగా ఓ చిన్న పాయ ఉండేది, దాని పేరు స్టక్ రివర్. వరదొస్తే నీళ్లు ఎటు పోవాలన్నది ఉత్తరాన కింగ్ కౌంటీ రైతులకీ దక్షిణాన పియర్స్ కౌంటీ రైతులకీ పాత తగాదా. డైనమైట్ పెట్టి పేల్చిన సందర్భాలూ ఉన్నాయి. 1906 నవంబర్ వరదలో కొట్టుకొచ్చిన దుంగలు ఆబర్న్ దగ్గర అడ్డుపడి, వైట్ రివర్ మొత్తం స్టక్ పాయలోకి, అక్కడి నుంచి పుయాలప్ నదిలోకి మళ్లిపోయింది. 1914లో రెండు కౌంటీలూ ఒప్పందం చేసుకుని కాంక్రీట్ గోడతో ఆ మళ్లింపును శాశ్వతం చేశాయి. కెంట్ వైపు మిగిలింది గ్రీన్ ఒక్కటే, దాంతో పేరూ అదే అయింది. వైట్ రివర్ పేరు మాత్రం ఆబర్న్ వైపు సంస్థలకీ మ్యూజియానికీ ఇప్పటికీ మిగిలి ఉంది.

బ్లాక్ రివర్ కథ ఇంకా చిన్నది. వాషింగ్టన్ సరస్సు నీళ్లు బయటికి పోయే దారి అదే. రెంటన్ దగ్గర బయల్దేరి, సీడర్ నదిని కలుపుకుని, టక్విలా దగ్గర మన నదిలో కలిసేది. ఆ సంగమం కింది భాగమే డువామిష్. 1912లో సీడర్‌ని సరస్సులోకి తిప్పారు. 1916లో ఓడల కాలువ తెరవడంతో సరస్సు మట్టం సుమారు 9 అడుగులు దిగింది. బ్లాక్ రివర్ మొదలు ఆ పాత మట్టంలో ఉండిపోయింది, నది ఎండిపోయింది.

పదేళ్లలో రెండు పెద్ద నదులు పోయాయి. డువామిష్‌లోకి నీరొచ్చే విస్తీర్ణం పూర్వంలో మూడో వంతుకి తగ్గింది. ఇది చాలదన్నట్టు 1913 నుంచి టకోమా నగరం తాగునీటికి గ్రీన్ ఎగువన నీళ్లు తీసుకుంటోంది. వేసవిలో కెంట్ దగ్గర నది అంత పలచగా, వెచ్చగా ఉండి సాల్మన్ చేపలు ఇబ్బంది పడటానికి మూలం ఇక్కడుంది. మంచునది నీళ్లు జూలై ఆగస్టుల్లో వస్తాయి, ఆ నీళ్లే ఇప్పుడు పుయాలప్ వైపు పోతున్నాయి.

ఏటిగట్టు రాశారు:

పాతపటాలు గారు నది ఎలా చిన్నదైందో చెప్పారు. వరద మాత్రం ఆ లెక్కన చిన్నది కాలేదు. 1959 నవంబర్‌లో ఆబర్న్ గేజ్ (నది ప్రవాహాన్ని కొలిచే చోటు) దగ్గర 28,100 క్యూసెక్కులు వచ్చింది. అదీ వైట్ రివర్ లేకుండా, ఒక్క గ్రీన్‌లో.

ఆ తర్వాత ఎగువన హోవర్డ్ హాన్సన్ డ్యాం పూర్తయింది. 235 అడుగుల ఎత్తు మట్టికట్ట, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ చేతిలో ఉంటుంది. వరద నిల్వ సుమారు 1,06,000 ఎకరం-అడుగులు, మనకు అలవాటైన కొలతలో 4.6 టీఎంసీలు. శీతాకాలంలో దాన్ని దాదాపు ఖాళీగా ఉంచుతారు, వరదొచ్చినప్పుడు పట్టి నెమ్మదిగా వదులుతారు. ఆబర్న్ గేజ్ దగ్గర 12,000 క్యూసెక్కులు దాటకుండా చూడటం వాళ్ల లక్ష్యం. దిగువ కరకట్టలన్నిటికీ లెక్క ఆ అంకె మీదే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయాలు మూడున్నాయి.

మొదటిది, డ్యాం మొత్తం నదిని పట్టదు. ఆబర్న్ గేజ్‌కి నీరొచ్చే విస్తీర్ణం దాదాపు 400 చదరపు మైళ్లు, అందులో డ్యాం ఎగువన ఉన్నది సగానికి కాస్త ఎక్కువ. డ్యాంకి దిగువన న్యూవాకం క్రీక్, బిగ్ సూస్ క్రీక్ కలుస్తాయి, వాటికి అడ్డేమీ లేదు. అందుకే దిగువన కుండపోత ఉంటే డ్యాం నుంచి వదిలేది బాగా తగ్గిస్తారు, వాగులు తగ్గాక పెంచుతారు. వాన ఆగిన మర్నాడు కూడా కెంట్ దగ్గర నది తగ్గకపోవడానికి కారణం ఇదే. పట్టి ఉంచిన నీళ్లు వదలాలి కదా, తర్వాతి వానకి చోటుండాలి.

రెండోది, అలా రోజుల తరబడి నిండుగా పారడం కరకట్టలకి మంచిది కాదు. పాత కట్టల్లో చాలా భాగం రైతులు పక్క ఒండ్రునే తవ్వి పోసినవి. గుల్లగా ఉంటాయి, నది వైపు వాలు నిటారు. కొన్ని రోజులు నానాక నీటిమట్టం ఒక్కసారి దిగితే, కట్ట లోపలి తడి అంత వేగంగా బయటికి రాలేదు. బయటి నుంచి ఆనించి పట్టే నీరూ పోయింది, లోపల బరువు అలాగే ఉంది, వాలు జారిపోతుంది. కాబట్టి వరద తగ్గేటప్పుడే కట్టని జాగ్రత్తగా చూడాలి. లోపలి వైపు పాదం దగ్గర ఊట కనిపిస్తే నీటి రంగు ముఖ్యం. తేటగా ఉంటే గమనిస్తూ ఉండొచ్చు. మట్టి కలిసి వస్తుంటే లోపల బుంగ పడుతోందని, వెంటనే కౌంటీ వరద కేంద్రానికి చెప్పాలి.

మట్టికట్ట డ్యాంకీ ఇదే సూత్రం. 2009 జనవరి వరదలో హాన్సన్ జలాశయం అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకి నిండాక, కుడిగట్టు వైపు ఊట ఎక్కువై, డ్రైనేజీ సొరంగంలో బురదనీరు కనిపించింది. ఆ గట్టు పాత కొండచరియ విరిగిపడిన మట్టి, కాబట్టి నీటికి దారులెక్కువ. రెండు శీతాకాలాలు నిల్వ తగ్గించుకుని నడపాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే కెంట్, టక్విలా కట్టల మీద రాక్షస ఇసుక సంచులు వరసగా పేర్చారు. ఊటని ఆపే గ్రౌట్ తెర, కొత్త డ్రైనేజీ పనులు అయ్యాక 2011లో డ్యాంని పూర్తి స్థాయికి తెచ్చారు.

మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. కట్ట తెగకపోయినా లోయ మునగొచ్చు. తూర్పు గుట్ట నుంచి దిగే వాగులు స్ప్రింగ్‌బ్రూక్ క్రీక్‌లో కలిసి ఉత్తరానికి పోతాయి. నది నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్లు తమంతట తాము నదిలోకి ఎక్కలేవు. రెంటన్‌లోని బ్లాక్ రివర్ పంపింగ్ స్టేషన్ ఎత్తిపోయాలి. మీరు పేరులో చూసింది అదే. 1970ల ఆరంభంలో కట్టారు, సామర్థ్యం దాదాపు 3,000 క్యూసెక్కులు. కాబట్టి గండి వార్త లేకపోయినా, వీధి కాలువలు వెనక్కి తన్ని పార్కింగ్ లాట్లు నిండటం ఇక్కడ మామూలే. ఇంటి దగ్గరి వాననీటి పైపు ఎక్కడికి పోతుంది, దారిలో నీరు వెనక్కి రాకుండా మూసుకునే ఫ్లాప్ గేటు ఉందా అన్నది కరకట్ట ఎత్తు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

కొత్త పద్ధతిలో కట్టని నదికి దూరంగా జరిపి, వాలు తగ్గించి కడుతున్నారు. కెంట్‌లో లోయర్ రస్సెల్ రోడ్ దగ్గర చేసింది అలాంటిదే. నదికి చోటు దొరుకుతుంది, చెట్ల నీడ పడుతుంది, కట్ట పాదాన్ని ప్రవాహం కోయదు. భూమి కొనాలి కాబట్టి ఖరీదు, ఆలస్యం. అయినా ఈ లోయకి సరైన మార్గం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. పాత కట్టకే మళ్లీ మళ్లీ రాళ్లు పోస్తే నది ఆ పక్కనే ఇంకో చోట కోస్తుంది.

మెరకపొలం రాశారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఏటిగట్టు గారూ, అయితే ఆబర్న్ గేజ్ చూసుకుంటే చాలా? ఎంత దాటితే కదలాలి? ఇంకో మాట. చూస్తున్న ఇళ్లలో ఒకటి లోయలో, జిప్ 98032, పటంలో "షేడెడ్ ఎక్స్" అని ఉంది. రెండోది 98031. కెంట్ అని ఉన్నా ఏది లోయ, ఏది గుట్ట అన్నది చిరునామాలోనే ఎలా పట్టుకోవాలి?

నేలగుణం రాశారు:

చిరునామా ముందు చెప్తాను, సులువు కాబట్టి. కెంట్‌లో అవెన్యూ నంబరు తూర్పుకి పోయేకొద్దీ పెరుగుతుంది. 16 నుంచి 40 చిల్లర అవెన్యూ సౌత్ అయితే సాధారణంగా వెస్ట్ హిల్. 60 నుంచి 80 చిల్లర లోయ. 68వ అవెన్యూ వెస్ట్ వ్యాలీ హైవే, 84వది ఈస్ట్ వ్యాలీ హైవే. 100 దాటి "ఎస్‌ఈ" అని ఉంటే ఈస్ట్ హిల్, 104వ అవెన్యూ ఎస్‌ఈనే బెన్సన్ రోడ్. జిప్‌ల లెక్కలో 98030, 98031 ఎక్కువ భాగం ఈస్ట్ హిల్. 98032లో లోయ, వెస్ట్ హిల్ రెండూ ఉంటాయి. 98042లో కెంట్ అని రాసి ఉన్నా చాలావరకు కోవింగ్టన్, ఆ చుట్టుపక్కల కౌంటీ భూమి. పర్మిట్ ఎవరిస్తారో ముందే కనుక్కోండి. వెస్ట్ హిల్‌లో కొంత భాగం ఫెడరల్ వే స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుంది, కెంట్ కిందికి కాదు. పిల్లలున్నవాళ్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు.

ఇప్పుడు "షేడెడ్ ఎక్స్". ఫెమా ఫ్లడ్ మ్యాప్ సర్వీస్ సెంటర్‌లో చిరునామా కొట్టి ఫర్మెట్ (ఆ చోటికి సంబంధించిన వరద పటం ముక్క) దించుకోండి, ఉచితమే. ఏఈ జోన్ అంటే ఏటా 1 శాతం అవకాశమున్న వరదలో మునిగే చోటు. దాన్నే వందేళ్ల వరద అనడం వల్ల వందేళ్లకోసారి వస్తుందనుకుంటారు. 30 ఏళ్ల హోమ్ లోన్ కాలంలో కనీసం ఒకసారి రావడానికి అవకాశం 26 శాతం. షేడెడ్ ఎక్స్ రెండు రకాలు, ఫర్మెట్‌లోని సూచిక చదవాలి. ఒకటి 0.2 శాతం వరద జోన్. రెండోది "కరకట్ట వల్ల ముప్పు తగ్గిన ప్రాంతం". రెండోదైతే, ఆ కట్టకి ఫెమా గుర్తింపు ఉన్నంతవరకే ఆ రంగు. గుర్తింపు పోతే పటం మారుతుంది, ఏఈలోకి రావొచ్చు, బ్యాంకు ఇన్సూరెన్స్ తప్పనిసరి అంటుంది. కట్ట తెగితే లోతు ఎంతో ఆ రంగు చెప్పదు. మీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, ఎక్స్ జోన్ అంటే నిశ్చింత కాదు, బ్యాంకు బలవంతం లేదని మాత్రమే.

ఇన్సూరెన్స్ సంగతి. మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు. జాతీయ వరద బీమాలో ఒక్క కుటుంబం ఇంటికి భవనం మీద గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్ల మీద 1,00,000. సామాన్లది విడిగా అడిగి తీసుకోవాలి. పాలసీ తీసుకున్న 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. లోన్ క్లోజింగ్‌తో (ఇల్లు కొనే కాగితాలు పూర్తయ్యే రోజు) కలిపి తీసుకుంటే ఆ నిరీక్షణ ఉండదు. కాబట్టి తీసుకునేదేదో ఆ రోజే తీసుకోండి. ఈ ప్రాంతంలో వరద కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు. వానసూచన చూసి నవంబర్‌లో కొంటే అప్పటికి సగం కాలం గడిచిపోతుంది.

ఎత్తుల కొలత దగ్గర ఓ జాగ్రత్త. పాత ప్లాన్లలో ఎత్తులు 1929 డేటమ్‌లో (ఎత్తుల్ని ఎక్కడి నుంచి కొలవాలో చెప్పే ఆధార మట్టం) ఉంటాయి, ఇప్పటి ఫెమా పటం 1988 డేటమ్‌లో. ఒకే బిందువుకి కొత్త అంకె సుమారు మూడున్నర అడుగులు ఎక్కువగా వస్తుంది. పాత సర్టిఫికెట్‌లోని నేల ఎత్తుని కొత్త వరదమట్టంతో నేరుగా పోలిస్తే మూడున్నర అడుగుల తప్పు. కాగితం మీద డేటమ్ పేరు లేకపోతే ఆ అంకెని వాడొద్దు, సర్వేయర్‌తో కొత్త ఎలివేషన్ సర్టిఫికెట్ చేయించండి. ఇంటిని ఆనుకున్న నేలలో అత్యంత పల్లమైన చోటు కూడా వరదమట్టానికి పైనే ఉందని తేలితే, ఫెమాకి పటం సవరణ దరఖాస్తు పెట్టొచ్చు.

వెళ్లి చూసేటప్పుడు క్రాల్ స్పేస్‌లోకి (ఇంటి అడుగుకీ నేలకీ మధ్య ఉండే ఖాళీ) టార్చ్ వేసి చూడండి. కాంక్రీట్ గోడ మీద అడ్డంగా తెల్లటి ఉప్పుగీత, దిమ్మల పాదాల దగ్గర ఎండిన ఒండ్రు, డక్ట్ ఇన్సులేషన్ కిందికి జారి వేలాడటం, ఇవి నీళ్లు నిలిచిన ఆనవాళ్లు. వరద జోన్‌లో వరదనీరు లోపలికీ బయటికీ పోయే రంధ్రాలు, ఫ్లడ్ వెంట్లు ఉండాలి. మూసిన ప్రతి చదరపు అడుగు నేలకి 1 చదరపు అంగుళం రంధ్రం, కనీసం రెండు, వేర్వేరు గోడల్లో, వాటి కింది అంచు నేల నుంచి ఒక అడుగు ఎత్తు లోపల. ఎలుకలు రాకుండా ఎవరో రేకు బిగించేసి ఉంటారు, అది వెంట్ కిందికి రాదు. ఇంటి కింద చేరిన నీటిని తోడే సంప్ పంపు ఉంటే బకెట్ నీళ్లు పోసి నడిపించి చూడండి. కరెంటు పోయేది వరద రాత్రే కాబట్టి బ్యాటరీ ఉందో అడగండి. మురుగు పైపుకి, మురుగు వెనక్కి తన్నకుండా ఆపే బ్యాక్‌వాటర్ వాల్వ్ ఉందో లేదో కూడా. ఈ రాష్ట్రంలో అమ్మేవాళ్లు ఇచ్చే ఫారం 17లో వరద గురించి ప్రశ్నలుంటాయి. "తెలియదు" అని టిక్ పెట్టి ఉంటే అదే మీరు తవ్వాల్సిన చోటు.

ఏటిగట్టు రాశారు:

గేజ్ గురించి: కింగ్ కౌంటీ హెచ్చరికలు నాలుగు దశలు. 9,000 క్యూసెక్కులు మూడో దశ, 12,000 నాలుగోది. కౌంటీ ఫ్లడ్ అలర్ట్స్‌లో ఫోన్ నంబరు ఇస్తే దశ మారినప్పుడల్లా మెసేజ్ వస్తుంది. అంకె ఒక్కటే చూడకండి, ఎన్ని గంటలుగా అక్కడుందో చూడండి. 9,000 మీద నాలుగు రోజులు నిలవడం 11,000 తాకి దిగిపోవడం కన్నా కట్టకి కష్టం. ఖాళీ చేయమన్న ఆదేశం వస్తే గుట్ట ఎక్కే దారి ముందే అనుకుని ఉండాలి. లోయ నుంచి పైకి దారులు కొన్నే. జేమ్స్ స్ట్రీట్, కాన్యన్ డ్రైవ్, 212వ వీధి, పడమటికి కెంట్-డెమోయిన్ రోడ్. అందరూ వాటి మీదికే వస్తారు.

గట్టుమీదిల్లు రాశారు:

ఈస్ట్ హిల్ మీద ఏ బాధా ఉండదా అని అడిగారు. నది రాదు. నీళ్లు మాత్రం వస్తాయి. అక్కడ రెండు మూడడుగుల కింద మంచుపలక నొక్కి గట్టిపరిచిన టిల్ ఉంటుంది, హార్డ్‌పాన్ అంటారు. పారతో పొడిస్తే కంకణంలా మోగుతుంది. వాననీరు దానిలోకి ఇంకక, దాని మీద పక్కకి జారుతుంది. పక్కింటి లాన్ నీళ్లు మీ క్రాల్ స్పేస్‌లో తేలతాయి. పునాది చుట్టూ ఫుటింగ్ డ్రెయిన్, పైకప్పు నీళ్లకి విడిగా రంధ్రాల్లేని టైట్ పైపు ఉండాలి. రెండింటినీ ఒకే పైపులో కలిపేస్తే కప్పు నీళ్లు వెనక్కి తన్ని పునాదినే తడుపుతాయి, సర్వసాధారణంగా కనిపించే తప్పు ఇది.

గుట్ట అంచున, లోయ కనిపించే ఇళ్లకి ఇంకో సంగతి ఉంది. పైన ఇసుక పొర, కింద బంకమట్టి పొర ఉన్నచోట రెంటి మధ్య నుంచి ఊట బయటికొస్తుంది. చరియలు జారేది అక్కడే. చెట్ల మొదళ్లు విల్లులా వంగి ఉంటే నేల నెమ్మదిగా కదులుతోందని అర్థం. రాష్ట్ర సహజవనరుల శాఖ పోర్టల్‌లో లైడార్ పటం (విమానం నుంచి లేజర్‌తో కొలిచి గీసింది) తెరిస్తే, చెట్లు తీసేసిన నేల కనిపిస్తుంది, పాత జారుడు మచ్చలు చెంచాతో గీరినట్టు తెలిసిపోతాయి. వరద బీమా కొండచరియలకి డబ్బివ్వదని కూడా గుర్తుంచుకోండి.

మంచు పడిన రోజు గుట్ట దిగడం కష్టం, అది లోయవాళ్లకి లేని ఇబ్బంది.

నేలగుణం రాశారు:

అదే పోర్టల్‌లో లిక్విఫాక్షన్ పొర కూడా వేసి చూడండి. భూకంపంలో నీటితో నిండిన వదులు ఇసుక కాసేపు జావలా అయిపోతుంది. లోయ అంతా ఎర్రగా కనిపిస్తుంది, గుట్టలు కావు. పాతపటాలు గారు చెప్పిన డెల్టా నేలే కారణం. 1949, 1965, 2001 భూకంపాలు ఈ ప్రాంతం చూసింది. ఇంటిని పునాదికి బోల్టులతో బిగించడం మంచిదే, చవక పనే. అది ఇల్లు పునాది మీంచి జారకుండా ఆపుతుంది, పునాదే ఒక పక్కకి కుంగితే ఏమీ చేయలేదు. భూకంపం కూడా మామూలు పాలసీలో ఉండదు.

మెరకపొలం రాశారు:

ఇంత పల్లం, ఇంత మెత్తని నేల. మరి అన్ని గోదాములు, కర్మాగారాలు ఇక్కడే ఎందుకు కట్టారు?

పాతపటాలు రాశారు:

నేల చదునుగా ఉండటం వల్లే. వరసగా చూడండి, ప్రతి మలుపులోనూ నేలా నీళ్లే కారణం.

ఇది మొదట డువామిష్, మకిల్‌షూట్ పూర్వీకుల సీమ. 1850ల్లో శ్వేతజాతి రైతులు వచ్చారు, 1855లో పాయింట్ ఎలియట్ ఒప్పందం, ఆ ఏడాదే యుద్ధం. ఆ ఒండ్రులో బీరుకి వాడే హాప్స్ విరగకాసింది. 1890 మే 28న పురపాలికగా ఏర్పడ్డప్పుడు, టైటస్‌విల్ అనే పాత పేరు వదిలి, ఇంగ్లండ్‌లో హాప్స్‌కి పేరున్న కెంట్ పేరు పెట్టుకున్నారు. ఆ మరుసటి ఒకటి రెండేళ్లలోనే పేనుబంక పంటని తినేసింది. పేరు నిలిచింది, పంట పోయింది. తర్వాత పాడి. 1899లో కార్నేషన్ పాల సంస్థకి మూలమైన చిక్కటిపాల డబ్బాల కర్మాగారం ఇక్కడే మొదలైంది. ఆ తర్వాత లెట్యూస్. కూరగాయల సాగులో, పాడిలో జపనీయ కుటుంబాలది పెద్ద చెయ్యి. 1921 రాష్ట్ర చట్టం వాళ్లకి భూమి హక్కుని, కౌలునీ మూసేసింది. 1942లో ప్రభుత్వ ఉత్తర్వుతో వాళ్లందరినీ శిబిరాలకి తరలించారు. యుద్ధం తర్వాత ఈ లోయకి తిరిగొచ్చినవాళ్లు కొద్దిమందే. కెంట్ వ్యవసాయ చరిత్ర చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేసేవాళ్లున్నారు, వదలకూడదు.

డ్యాం వచ్చాక ఏటా మునగని చదును నేల, రెండు రైలు మార్గాలు, హైవే, రెండు ఓడరేవులకి మధ్య. పొలం కన్నా గోదాముకి ఎక్కువ ధర పలికింది. 1960ల్లో బోయింగ్ వచ్చింది. 1971, 72లో అపోలో 15, 16, 17 చంద్రుడి మీద నడిపిన రోవర్ బండ్లు తయారైంది కెంట్‌లోనే. ఇప్పుడు అంతరిక్ష సంస్థ బ్లూ ఆరిజిన్ కేంద్రం ఉన్నదీ ఇక్కడే. గోదాము ఒక అంతస్తు, బరువు నేల మీద పరుచుకుంటుంది, మెత్తని నేల ఓర్చుకుంటుంది. ముందు కొన్ని నెలలు మట్టిగుట్ట పోసి నేలని కుంగనిచ్చి, తర్వాత తీసేసి కడతారు. ఇళ్లేమో ఎక్కువగా గుట్టలెక్కాయి. 2010లో పాంథర్ లేక్ విలీనంతో ఈస్ట్ హిల్ జనాభా ఇంకా పెరిగింది. 2020 లెక్కల్లో ఊరి జనాభా 1,36,588.

కెంట్, ఆబర్న్ మధ్య ఇంకా పచ్చగా కనిపించే పొలాలు యాదృచ్ఛికం కాదు. 1979లో కింగ్ కౌంటీ ఓటర్లు బాండ్లకి ఒప్పుకున్నాక, రైతుల దగ్గర ఇళ్లు కట్టే హక్కుని కౌంటీ కొనేసింది. అక్కడ ఇంటి స్థలమని ఎవరైనా చూపిస్తే టైటిల్‌లో ఆ షరతు వెతకండి.

రైలు విషయంలో ఒక హెచ్చరిక. ఊరి మధ్య, లోయలో ఉన్నది సౌండర్ అనే రైలు స్టేషన్. "కెంట్ డెమోయిన్" అనే లింక్ లైట్ రైలు స్టేషన్ వెస్ట్ హిల్ మీద, ఐ-5 పక్కన. పేరు చూసి రెండూ ఒకటే అనుకోకండి, మధ్యలో నదీ గుట్టా ఉన్నాయి.

గట్టుమీదిల్లు రాశారు:

ఓసియోలా లాంటిది మళ్లీ వస్తే?

నేలగుణం రాశారు:

అంతటివి అత్యంత అరుదు. రెయినియర్ నుంచి వచ్చే లహార్లలో (అగ్నిపర్వతం నుంచి దిగే బురద ప్రవాహాలు) ముందు తగిలేది పుయాలప్ వైపు ఊళ్లకి, ముఖ్యంగా ఆర్టింగ్‌కి. కెంట్‌కి ముప్పు వైట్ రివర్ దారిన. చాలా పెద్దది వస్తే ఆబర్న్ దగ్గర ఆ పాత చీలిక గుర్తుకొస్తుంది, కొంత ఉత్తరానికి తిరుగుతుంది. 1914 గోడ దుంగల వరద కోసం కట్టింది, అలాంటి బురద కోసం కాదు. దూరం వల్ల కెంట్‌కి ఆర్టింగ్ కన్నా ఎక్కువ వ్యవధి ఉంటుంది. రాకపోకల లెక్క వరదకి చెప్పిందే: గుట్ట ఎక్కడం.

మెరకపొలం గారూ, ఆ 98032 ఇంటి ఫర్మెట్ ముక్కలో సూచికలో ఏముందో, ఎలివేషన్ సర్టిఫికెట్ ఏ డేటమ్‌లో ఉందో ఇక్కడ రాయండి. చిరునామా రాయక్కర్లేదు, ఆ రెండు వివరాలు చాలు.